ఖాళీ కడుపుతో వచ్చిన రక్తదాత

ఈ రోజంతా ఏలూరు ఆసుపత్రిలో పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగిన మా మనవరాలికి పదకొండింటికి ఆపరేషను. ఇంటివాళ్ళెవరైనా రక్తం ఇస్తేనే బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం ఇస్తామన్నారు. నాకు వయసు దాటిపోయిందన్నారు. ఎనిమిదింటికి మనవరాలి భర్త తన తల్లిని వెంటబెట్టుకుని గణపవరం నుంచి దిగాడు.

"పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదండీ పిన్నిగారూ" అంది తల్లి, గొప్పగా. సుగరు పరీక్షకు వచ్చినట్టు! ఖాళీ కడుపుతో ఇస్తే కళ్ళు తిరుగుతాయని నర్సు వెనక్కి పంపింది.

"అయితే రేపిస్తాడు లెండి."

"ఆపరేషను ఇవాళమ్మా" అన్నాను. అతణ్ణి క్యాంటీనుకు తీసుకెళ్ళి నాలుగిడ్లీలు తినిపించి, రెండు గ్లాసుల నీళ్ళు తాగించి, కాసేపాగి మళ్ళీ తీసుకొచ్చాను. సూది గుచ్చి తీసేసరికి పది నిమిషాలు పట్టలేదు. కాసేపు కూర్చోబెట్టి, ఈ పూట బరువులు ఎత్తవద్దని చెప్పి పంపేశారు. ఆపరేషను సవ్యంగా అయింది.

సాయంత్రం ఆవిడ వార్డులోకి వచ్చి, కాలికి కట్టుతో పడుకున్న పిల్లతో "వాడికి నీరసంగా ఉందే. కాస్త పక్కకి జరుగు, నడుం వాలుస్తాడు" అంది.

"రక్తం ఇచ్చినవాళ్ళకి బిస్కెట్లు ఇస్తారమ్మా. మంచం ఎముక విరిగినవాళ్ళకి" అన్నాను.

అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడడం లేదు. మనవరాలు మాత్రం పడిన తరవాత మొదటిసారి నవ్వింది.

నేనన్నది ఎక్కువైందంటారా? అనేవాళ్ళు, తాము ఎప్పుడైనా రక్తం ఇచ్చారో లేదో ముందు రాసి, ఆ తరవాత అనండి.