అవ్వ పాట, రాని వర్షన్, మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. కోదాడ నుంచి సూర్యాపేట దవాఖానకు తెస్తుంటే మునగాల దాటకముందే ప్రాణం పోయిందని, ఆయన పాటల రికార్డింగ్ స్టూడియో ముందు టీ కొట్టు నడిపే మనిషి నాకు ఫోన్ చేశాడు. "గుండెపోటమ్మా. చెయ్యి పట్టుకునే ఉన్నాన్నేను, అయినా ఆగలేదు" అని ఏడ్చాడు. నేనప్పుడు సూర్యాపేటలో, పాఠాలు చెప్పే కాలేజీ మెట్ల మీద ఉన్నాను. శవాన్ని అటు నుంచి అటే మిర్యాలగూడ ఇంటికి తీసుకుపోతున్నారు. నేను మాత్రం కోదాడ బస్సు ఎక్కాను.

ఆ బస్సు ఎక్కడం తప్ప నేను బతుకులో ఇంకేమీ చెయ్యనట్టే మాట్లాడుతున్నారు మా ఇంట్లో. "మనిషి సచ్చి పడుంటే ముందుగాల కంప్యూటర్ కాడికి వోయిందమ్మా" అని మా మేనత్త పరామర్శకు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. కొందరు నన్ను చూసి గొంతు తగ్గించారు. కొందరు తగ్గించనే లేదు. నేను ఏడవలేదట. ఏడ్చాను. బస్సులో ఏడ్చాను. బస్సులో మా బంధువులెవరూ లేరు, అంతే.

చిన్నాయన గురించి కూడా వాళ్ల దగ్గర ఒకే మాట ఉంది. "సాఫ్ట్‌వేర్ కొత్తది ఒస్తది, ఒస్తది అని సూసి సూసి వోయిండు పాపం." ఆ 'పాపం' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆయన ఎదురుచూసింది నిజం. ఎదురుచూస్తూ పోయాడన్నది అబద్ధం.

మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు కుటుంబం. నాన్న మిల్లు చూసుకుంటాడు. చిన్నాయన ఆ మిల్లు చప్పుడులోనే పుట్టి పెరిగాడు. అందుకేనేమో నిశ్శబ్దమంటే ప్రాణం. కోదాడలో హైవే పక్కన మాకో ధాన్యం కొట్టు ఉంది. దాని మీది గదిని స్టూడియో చేసుకున్నాడు. గోడలకు ఖరీదైన నురుగు పలకలు కాదు, మిల్లు నుంచి తెచ్చిన గోనె సంచులు నాలుగేసి పొరలుగా మేకులతో కొట్టాడు. గదిలోకి అడుగుపెడితే ఎండిన వడ్ల వాసన. మన మాట మనకే మెత్తగా వినిపించేది.

రికార్డింగ్ అంటే ముందు ఫ్యాన్ ఆపేవాడు. మే నెలలోనైనా సరే. పాడేవాళ్లు చెమటలు కక్కుతుంటే తన తువ్వాలే ఇచ్చి తుడుచుకోమనేవాడు. మాకెవరికీ ఏమీ వినపడకముందే చెయ్యెత్తి, "ఆగుండ్రి, లారీ ఒస్తున్నది" అనేవాడు. కాసేపటికి నిజంగానే లారీ వచ్చేది. అది దూరమయ్యేదాకా అందరం ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నవ్వాపుకునేవాళ్లం. డిగ్రీలో ఉన్నప్పటి నుంచి సెలవు దొరికితే చాలు, నేను ఆ గదిలోనే ఉండేదాన్ని. ఈ పని నాకు నేర్పింది ఆయనే. "ఆడివిల్లకు గిదేం పిచ్చి" అని అన్నవాళ్లకు, "పిచ్చికి ఆడ మగ ఉంటదా?" అని జవాబు చెప్పిందీ ఆయనే.

పాలకీడు నుంచి ఒక అవ్వ వచ్చేది. గొర్లకాపరుల ఇంటి మనిషి. మందను తోలుకుపోతూ పాడే పొడుగాటి పాట ఒకటి ఆమె గొంతులో ఉంది. ఆ పాట నడకతో పాటు నడుస్తుంది. మంద వాగులో దిగితే నెమ్మదిస్తుంది, గట్టు దిగితే ఉరుకుతుంది. చిన్నాయన దాన్ని ఒక్క ఊపులో రికార్డు చేశాడు. ఇక డోలు చప్పుడు కలపాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాటలు కలిపే ఆ సాఫ్ట్‌వేర్‌లో తెర మీద నిలువు గీతలుంటాయి. దెబ్బలన్నీ ఆ గీతల మీద పడాలి. గీతకూ గీతకూ మధ్య దూరం ఎప్పుడూ ఒక్కటే. అవ్వ పాట వాటికి లొంగదు. లొంగాలంటే ఆమె గొంతును ముక్కలు కోసి గీతల మీద సర్దాలి. డీజే పాటలకు అందరూ చేసేది అదే. చిన్నాయన ఒప్పుకోలేదు. "గొంతు ముందట నడవాలె, గీత ఎన్క రావాలె" అనేవాడు. వచ్చే పెద్ద వర్షన్‌లో గొంతును బట్టి గీతలే జరుగుతాయని ఎక్కడో చదివాడు. దాని కోసం చూశాడు.

వర్షన్ వచ్చింది. రంగులు మార్చారు. ఆ తర్వాతది వచ్చింది. ఏ దేశాలవో గంటలు, ఈలలు రెడీమేడ్‌గా ఇచ్చారు. మూడోదీ అంతే. ప్రతిసారీ ప్రకటన కింద ఆయన తన విన్నపం రాసేవాడు, నేను ఇంగ్లీషు దిద్దేదాన్ని. ప్రతిసారీ ఒకే జవాబు: మీ సూచనకు ధన్యవాదాలు. "గీ ధన్యవాదాలు గుద్దితె డోలు మోగుతదా?" అని తెరను అడిగేవాడు.

నాకు ఆ కంపెనీ మీదే కాదు, చిన్నాయన మీద కూడా కోపం వచ్చేది.

"అవ్వ వయసెంతనుకుంటున్నవ్ చిన్నాయనా? వాళ్లు చేసేదాక ఆమె ఆగుతదా?"

"నువ్వు మూడు కొలువులు మార్చినవ్, నేను మూడు వర్షన్లు సూసిన. మనకు కావాల్సింది ఇద్దరికీ రాలె. నీకు కోపమొస్తది, నాకు రాదు. గంతే తేడా."

"నాకొచ్చే కోపంల సగం నీకుంటే ఎప్పుడో అయ్యేది ఆ పాట."

"అయితె సగం ఇయ్యి, దాసుకుంట" అని నవ్వాడు.

తను చనిపోయిన రోజు పొద్దున ఫోన్ చేశాడు. గొంతులో ఏదో హుషారు.

"ఏమే, గీతలు బంద్ చేసిన."

"ఏం గీతలు?"

"తెర మీదియి. మొత్తం తీసి పారేసిన. అవ్వ గొంతు ఇనుకుంట ఒక్కొక్క దెబ్బ చేత్తోని పెడుతున్న. సగం దాక ఒచ్చిన. ఇగ ఎవడి కోసం ఆగేది లేదు."

"సేవ్ చేసినవా?"

"నిండని బస్తాకు మూతి కుడతమానే?"

అది ఆయన మూఢనమ్మకం. ఒక పని పూర్తయ్యేదాకా సేవ్ చెయ్యడు. దానంతటదే సేవ్ చేసుకునే ఏర్పాటును కూడా ఆపేశాడు, పాట మధ్యలో మిషన్ ఒక్క క్షణం తడబడుతుందని. నేను తిట్టేలోపు ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నం టీ కొట్టాయన ఫోన్ వచ్చింది.

ఆ గదిలో మిషన్ ఆన్‌లో ఉందని, కరెంటు ఒక్కసారి పోతే ముసలిదైపోయిన దాని బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవదని, ఆయన చివరి పొద్దంతా చేసిన పని అందులో ఉందని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చోలేక, నిలబడే సేవ్ చేశాను. మిషన్ ఆపి, తాళం వేసుకుని, మిర్యాలగూడ చేరేసరికి పొద్దుగూకుతోంది. ఇదంతా ఇంట్లో చెప్పాను. "పాట సగమైతేంది, మొత్తమైతేంది, మనిషే వోయినంక!" అంది మేనత్త. మనిషి పోయాడు కాబట్టే కదా ఆ సగం అంత ముఖ్యమైంది!

మూడో రోజు నాన్న నన్నడిగి తాళం తీసుకుని, సాయంత్రానికి తిరిగిచ్చాడు. ఎందుకో చెప్పలేదు. తర్వాత తెలిసింది: హమాలీలతో గోడల సంచులన్నీ పీకించి, దులిపించి, లారీలో మిల్లుకు పంపించాడు. సీజను కదా, సంచులు చాలట్లేదట.

"ఖాళీ సంచులే గదనే. మన మిల్లుయే" అన్నాడు.

"అవి చిన్నాయన గోడలు నాన్నా."

"గోడలకు సంచులెందుకే, సలి వెడుతదా?"

చావింట్లో నవ్వారు. కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. నాన్న చెడ్డవాడు కాదు, తమ్ముడి కోసం గోడకు తలపెట్టి ఏడ్చినవాడే. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ గదిలో నిలబడి తన గొంతు తాను విని ఉంటే, సంచి కనబడితే ధాన్యమే గుర్తొచ్చేది కాదు.

పదో రోజు పాలకీడు అవ్వ వచ్చింది. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు, గేటు బయట అరుగు మీద కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చాలాసేపు నా చెయ్యి నిమిరింది.

"పాట ఎందాక ఒచ్చింది బిడ్డా?" అంది చివరికి. "సిగ్గొస్తుంది అడుగుతందుకు. గీ టయిముల అడిగే మాట గాదు."

ఈ పది రోజుల్లో ఆయన చేసిన పని గురించి నన్నడిగింది ఆమె ఒక్కతే.

మర్నాడు ఆమెను కోదాడ తీసుకెళ్లాను. గోడల నిండా మేకులు, చిల్లులు. దగ్గితే గది మొత్తం దగ్గుతోంది. ఆమె గోడలు చూసింది. హెడ్‌ఫోన్స్ తగిలించి పాట పెట్టాను. కళ్లు మూసుకుని రెండు చేతులతో చెవులు పట్టుకుంది. కాసేపటికి లేచి నిలబడింది. నడవడం మొదలుపెట్టింది. నేను వైరు పట్టుకుని వెనకాలే తిరిగాను. వాగు చరణం దగ్గర అడుగు నెమ్మదించింది, గట్టు చరణం దగ్గర వడివడిగా పడింది. డోలు ఆమె కాలి కింద పడుతున్నట్టే ఉంది. ఒక చోట ఆగిపోయింది.

"గీడ్నే ఆగిండా?"

"గీడ్నే అవ్వా."

డోలు లేని ఆమె గొంతు ఒంటరిగా పోతూనే ఉంది. ఆమె గది మధ్యలో ఒక కాలు ముందుకు వేసి, రెండోది ఎత్తకుండా, పాట అయిపోయేదాకా అట్లాగే నిలబడి వింది.

ఇంతలో ఆ కంపెనీ ప్రకటన వచ్చింది. వచ్చే నెలలో కొత్త పెద్ద వర్షన్. అందులో గొంతును బట్టి గీతలు జరుగుతాయి. ఇన్నాళ్లకు! కోదాడలో డీజే నడిపే ఒకాయన ఈ మాట నాన్నకు మోశాడు. కొత్తది రాగానే ఆ పాట తనే పూర్తి చేస్తానని, కాస్త బీటు కూడా పెంచుతానని చెప్పాడట. నాన్న సంబరంగా ఫోన్ చేశాడు.

"మీ చిన్నాయన అడిగిందే ఒస్తున్నదంట గదనే! ఇన్నేండ్లు ఆగిండ్రు, ఇంకొక్క నెల ఆగుతె ఏంబాయె? గాయనకు అప్పజెప్పుదాం. నువ్వు గా తాళం పంపియ్యి, గదిల తౌడు వెట్టిస్త."

చిన్నాయన ఆగడం మానేశాకే పోయాడని నాన్నకు మళ్లీ చెప్పలేదు. చెప్పి చూశాను కదా.

కాలేజీకి రాజీనామా ఇచ్చాను. అవ్వ పాటలో మిగిలిన దెబ్బలు నేను పెడతాను, చేత్తో, ఉన్న వర్షన్‌లోనే. కోదాడ గదిలో తౌడు పెట్టనివ్వను. తాళం పంపను.