మా ఊరి నీళ్ళకు చెల్లని గ్యారంటీ

మొన్న మా గీజరు చూడడానికి వచ్చిన కంపెనీ మనిషి, తొడుగు విప్పి, లోపలికి టార్చి కొట్టి, ఇది గ్యారంటీ కవర్ కిందకి రాదని తేల్చేసినప్పుడు నాకు చప్పున మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడే గనక ఆ గుమ్మంలో ఉండి ఉంటే ఆయన అంత తీరిగ్గా మెట్లు దిగేవాడు కాదు.

మాది రాజోలు దగ్గర సముద్రపు గాలి తగిలే పల్లె. బోరు ఎంత లోతు దించినా వచ్చేవి ఉప్పునీళ్ళే. పురిటికొచ్చిన మా అమ్మాయికి మర్నాడే పురుడు స్నానం, బయట వదలని ముసురు, ఇంట్లో పసిగుడ్డు, సరిగ్గా అప్పుడే గీజరు కారడం మొదలెట్టింది. మావారు మాత్రం కంగారు పడలేదు. అమలాపురంలో దాన్ని కొన్ననాడే పైన మరికాస్త కట్టి అయిదేళ్ళ కవర్ తీసుకున్నారు కదా! ఆ ధీమాతోనే, ఇంట్లో తాతలనాటి రాగి బాయిలర్ని పాతసామాన్లవాడికి అప్పగించేశారు కూడాను.

కంపెనీ మనిషి ఫోన్లో షరతులు చదివి వినిపించాడు. ఉప్పునీటితో పాడైతే వర్తించదట, తుప్పు పడితే వర్తించదట, సున్నం పేరుకున్నా, కరెంటు హెచ్చుతగ్గులైనా, పిడుగు పడినా అంతేనట.

"మరి దేనికి వర్తిస్తుంది నాయనా?" అన్నాను.

"మిగతా అన్నిటికీనండీ, ఆయ్," అన్నాడు.

అంటే నీళ్ళూ కరెంటూ తగలనివ్వకుండా గోడకి వేలాడదీసి, రోజూ దణ్ణం పెట్టుకుంటే ఢోకా లేదన్నమాట. ఛీ, ఏం బతుకులు! రాసినవాడికి ఈ లంకల్లో నీళ్ళెలా ఉంటాయో తెలుసు, తెలిసే రాశాడు. అమ్మినవాడికి ఇంకా బాగా తెలుసు, అందుకే కొన్ననాడు దాని రంగు గురించీ బిగింపు గురించీ అంతసేపు వాగినవాడు నీళ్ళ మాటొక్కటీ ఎత్తలేదు.

మా చిన్నతనంలో తాగడానికి కాలవనీళ్ళు కావిడితో తెప్పించుకునేవాళ్ళం గానీ, ఇంటికి గిన్నో బిందో అమ్మజూపడానికి వచ్చినవాళ్ళకి మాత్రం నాయనమ్మ నూతినీళ్ళే ఇచ్చేది. గ్లాసుడూ తాగాలి, తరవాతే బేరం. మండపేట నుంచి బాయిలర్లు అమ్మే ఆయన వచ్చినప్పుడూ అదే వరస. ఆయన ఒక్క గుక్క మింగి, మొహం చిట్లించుకుని, మిగతాది మా అరటిమొక్క మొదట్లో పొయ్యబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. పాపం, చచ్చినట్టు మొత్తం తాగేడు.

"అమ్మో, ఈ నీళ్ళకి పల్చటి రేకు ఆగదండీ. అడుగు మందంగా వేయిస్తాను. చిల్లు పడితే నాదీ పూచీ," అన్నాడు.

ఆయనేమీ ధర్మరాజు కాడు, కోతలరాయుడు. మా ఇంట్లో రెండుపూటలా సుష్టుగా తిని, వెళ్ళేటప్పుడు కొబ్బరికాయలు అడిగి మరీ పట్టుకెళ్ళే రకం. అయినా కొన్నేళ్ళకి, మా తమ్ముడు పుట్టినప్పుడు, సరిగ్గా పురుడు స్నానం ముందర బాయిలర్ అడుగు కారితే, కబురందగానే సణుక్కుంటూ బస్సుమీద తన ఇంటి బాయిలర్ తెచ్చి దించి, మాది బాగుచేయించడానికి పట్టుకుపోయేడు. మా అమ్మ పొగలు కక్కే నీళ్ళు పోసుకుని ఎర్రగా కందిపోయి బయటికి రావడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

అదంతా తలపుకొచ్చి, నేనూ ఆ కంపెనీ మనిషికి మా బోరునీళ్ళు గ్లాసుడు తెచ్చిచ్చాను. ఆయన నవ్వి, సంచిలోంచి సీసా తీశాడు.

"వద్దండీ, మీ వైపు వచ్చేటప్పుడు నీళ్ళు తెచ్చుకుంటామండీ," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ నీళ్ళ సంగతి ఆయన సంచికి కూడా తెలుసు!

మర్నాడు గ్యాసు మీద గిన్నెలు మార్చి మార్చి కాచాం. రెండో గిన్నె కాగేలోపు మొదటిది చల్లారిపోయేది. మా అమ్మాయి పళ్ళు టకటకలాడుతూ బయటికొచ్చింది, పసివాడికి నీళ్ళు పొయ్యడానికి ధైర్యం చాలక తడిగుడ్డతో తుడిచి ఊరుకున్నాం. నాయనమ్మ నాడూ ఉప్పు ఇదే, నీళ్ళూ ఇవే. ఏం లాభం, అవి గొంతులో పోసుకుని, మొహం చిట్లించుకునైనా సరే, నాదీ పూచీ అనేవాడు ఇప్పుడు ఒక్కడు కనిపిస్తే చూపించండి.