సి బిందువును జరిపిందెవరు?

లెక్కల టీచరమ్మకు అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. కొట్లో తూయించుకున్న పప్పును ఇంటికొచ్చి మళ్లీ తూచేది. ఎవరైనా తనను పొగిడితే, వీళ్లకు నాతో ఏం పనిపడిందో అని ఆరా తీసేది.

ఆ ఏడు ఆమె తరగతి గదిలో నల్లబల్ల తీసేసి, వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర బిగించారు. అదే బడిలో చిన్న తరగతులకు చెప్పే ఆడపడుచు దగ్గర కూర్చుని టీచరమ్మ జామెట్రీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది.

"అంకెలు కొట్టి ఎంటర్ నొక్కు వదినా. చుక్క దానంతటదే వెళ్లి కూర్చుంటుంది."

"తప్పు చోట కూర్చుంటేనో?"

"కూర్చోదు."

టీచరమ్మ నమ్మలేదు. ప్రతి చుక్కకూ అడ్డంగా, నిలువుగా గళ్లు లెక్కపెట్టుకున్నాకే ముందుకు కదిలింది.

ఒక సాయంత్రం మర్నాటి పాఠం కోసం ఎ, బి, సి, డి అని నాలుగు బిందువులు పెట్టి, కలిపి, సమాంతర చతుర్భుజం సిద్ధం చేసుకుని వెళ్లింది. పొద్దున పిల్లల ముందు తెర వెలిగించేసరికి సి బిందువు ఎక్స్ అక్షం దాటి కిందికి దిగిపోయి ఉంది. బొమ్మ నలిగిన చొక్కాలా మెలితిరిగింది.

"టీచర్, దీనికి కాలు బెణికింది!" అంది ముందు బెంచీ పిల్ల. గదంతా ఘొల్లుమంది.

సరిచేసుకుని వెళితే మర్నాడూ అదే తంతు. ఈ సాఫ్ట్‌వేర్ గుట్టు తెలిసింది ఆడపడుచు ఒక్కతికే. పైగా వచ్చే ఏడు పై తరగతి లెక్కలు ఆమెకిస్తే ఎలా ఉంటుందని హెడ్మాస్టరు అన్నట్టు ఎవరో చెవిన వేశారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో, అందరూ వింటుండగా అడిగేసింది.

"నా బొమ్మలు చెడగొడితే నీకేం ఒరుగుతుంది?"

ఆడపడుచు మొహం కందిపోయింది. "నేనెందుకు చెడగొడతాను వదినా?"

"నీ పేరెత్తానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు తడుముకుంటావు?"

పేరొక్కటే ఎత్తలేదు. ఆడపడుచు అన్నం డబ్బా మూత పెట్టి లేచి అవతలి బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఇంట్లో మొగుడు, "మీ ఇద్దరి మధ్యా నన్ను ఇరికించకండి" అని చేతులెత్తేశాడు.

ఆ సాయంత్రం బడి వదిలాక టీచరమ్మ బొమ్మ సిద్ధం చేసి, వెనక బీరువా చాటున కుర్చీ వేసుకుని నక్కి కూర్చుంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. మెడ చాచి చూస్తే ఆడపడుచు కాదు, గదులు ఊడ్చే ఆయమ్మ. చీపురు మూలన పెట్టి, తడిగుడ్డతో తెర తుడవసాగింది. చేయి తగలగానే తెర వెలిగింది. ఆయమ్మ ఒకచోట ఆగి, కొంగు బిగించి, గట్టిగా రుద్దింది. గుడ్డతో పాటే సి బిందువు జరజరా కిందికి జారింది.

"ఏం చేస్తున్నావే!" అని టీచరమ్మ ఒక్క కేక పెట్టింది.

ఆయమ్మ ఉలిక్కిపడి గుడ్డ జారవిడిచింది. "అమ్మో! మీరా? చూడండమ్మా, ఈ నీలం మరక రోజూ ఇంతే. ఎంత రుద్దినా వదలదు, పక్కకు జరుగుతుంది!"

టీచరమ్మకు నవ్వొచ్చింది. మరుక్షణం స్టాఫ్‌రూము గుర్తొచ్చి ఆ నవ్వు ఆరిపోయింది.

తిన్నగా ఆడపడుచు ఇంటికే వెళ్లింది. గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పి, "తప్పు నాదే" అంది. ఆ మాట ఆమె నోట రావడం ఇంట్లో ఎవరూ ఎరగరు.

"అందరి ముందూ అన్నావు వదినా. గుమ్మంలో చెబితే సరిపోతుందా?" అంది ఆడపడుచు. కూర్చోమని మాత్రం అనలేదు.

మర్నాడు టీచరమ్మ స్టాఫ్‌రూములో అందరూ ఉన్నప్పుడు లేచి నిలబడి, ఆయమ్మ మరక సంగతితో సహా అంతా చెప్పింది. నవ్వనివాళ్లు లేరు. ఆడపడుచు మాత్రం పెదవి బిగించి నవ్వు ఆపుకుంది కానీ, సాయంత్రం తనంతట తనే తరగతి గదికి వచ్చింది. బిందువు కదలకుండా బిగించే చోటు చూపించింది.

"ఇక ఎవరు తుడిచినా జరగదు."

టీచరమ్మ సరేనంది. ఆడపడుచు వరండా దాటేదాకా ఆగి, సి మీద వేలు పెట్టి గట్టిగా లాగి చూసింది.