మూతకీ పెట్టెకీ మధ్య

నికెల్ రంగు డబ్బా తెరవగానే ముక్కుపుటాలు మండించే ఆ ఘాటు వాసనకి ఈ రోజుకీ నా అరచేతులకు చెమటలు పడతాయి. "ఏంది మేడం, ఇంకా అలవాటు కాలేదా?" అని కొత్తగా చేరిన అమ్మాయిలు నవ్వుతారు. అలవాటు కాలేదు. నాకీ పని నేర్పిన యేసురత్నం గారిని వాళ్ళు చూడలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

నరసరావుపేటలో ఆయనకు చిన్న రేకుల షెడ్డు ఉండేది. యంత్రాలను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులకు అక్కడ ప్లాస్టిక్ పెట్టెలు తయారుచేసేవాళ్ళం. ప్లాస్టిక్ రేడియో తరంగాలను ఆపదు. దగ్గర్లో ఎవరైనా వాకీటాకీ నొక్కితే బోర్డు తికమకపడి, ఆగి ఉన్న యంత్రాన్ని నడిపించేయవచ్చు. అందుకే పెట్టె లోపలంతా కరెంటు పారే నికెల్ రంగు కొట్టేవాళ్ళం. యేసురత్నం గారు నెమ్మదస్తులే గానీ ఆయన చాదస్తం ఇంతా అంతా కాదు. రంగు ఆరిన ప్రతి పెట్టెలోనూ కరెంటు పారుతోందో లేదో మీటరు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసేవారు. "మనం భయపడాలమ్మాయ్. మనం భయపడితేనే అక్కడోళ్ళు నిబ్బరంగా పని చేసుకుంటారు" అనేవారు. వయసు మీద పడి అలా అంటున్నారని నేను లోపల నవ్వుకునేదాన్ని.

ఒకసారి ఆయన బంధువుల పెళ్ళికి మాచర్ల వెళ్ళారు. దాచేపల్లి దగ్గర రాళ్ళ క్రషర్ వాళ్ళు తొందరపెడితే, రాళ్ళు మోసే బెల్టును నడిపే బోర్డు పెట్టెకు నేనే రంగు కొట్టాను. అంచులు నీట్‌గా కనిపించాలని టేపు అంటించి మరీ కొట్టాను. పెట్టె లోపల మీటరు పెట్టాను, బాగుంది. మూత లోపల పెట్టాను, బాగుంది. నా పనితనానికి నేనే మురిసిపోతూ పంపేశాను. మూడో రోజు పొద్దున ఆయన రాగానే గొప్పగా చెప్పుకున్నాను.

"మూతకీ పెట్టెకీ మధ్య చూశావా?" అన్నారు.

చూడలేదు. టేపు వేసిన అంచుల్లో రంగే లేదు. మూత ఎంత బిగించినా రెండువైపుల రంగూ కలవదు, ఆ సందులోంచి తరంగాలు దూరతాయి. క్రషర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. "బండెక్కు" అన్నారు. దారంతా ఎవరికీ ఏమీ కాకూడదని వెనక కూర్చుని దేవుళ్ళందరికీ మొక్కుతూనే ఉన్నాను.

మేము వెళ్ళేసరికి బెల్టు ఆగి ఉంది. దాని మీద ఇద్దరు వంగి, ఇరుక్కున్న రాళ్ళు పీకుతున్నారు. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజర్ చేతిలో వాకీటాకీ. యేసురత్నం గారు బండి పడేసి పరుగెత్తారు. "ఒరేయ్ అబ్బాయ్, నొక్కమాకు, కింద పెట్టు దాన్ని" అని అరుస్తూనే మెయిన్ స్విచ్ దించేశారు. ఇద్దరూ దిగి దూరంగా వచ్చాక, మళ్ళీ కరెంటు వేసి, పెట్టె పక్కన వాకీటాకీ నొక్కారు. ఖాళీ బెల్టు ఒక్క కుదుపుతో కదిలింది. "ఏంది సార్, దానంతటదే పోతా ఉంది?" అన్నాడు ఇద్దరిలో పెద్దాయన, తన చేతులు తడుముకుంటూ. నేను పక్కకెళ్ళి నేల మీద కూర్చున్నాను.

చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన వచ్చి నా పక్కనే దుమ్ములో కూర్చున్నారు.

"నేనూ ఇట్టాగే అంచు వదిలేశానమ్మాయ్, చానా ఏళ్ళ కింద. ఆ రోజు ఆపడానికి బండేసుకుని ఎవరూ పోలా" అన్నారు.

ఆ రోజు బలైపోయిన మనిషి ఎవరో ఆయన చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఆయన లేరు, షెడ్డు నేను చూసుకుంటున్నాను. పెట్టె పంపిన ప్రతిసారీ బెల్టు మీద వంగిన మనిషి ఒకడు నాకు కనిపిస్తాడు. నేనొకదాన్ని ఉన్నానని అతనికి తెలియదు.