అతికించని చీటీ

మా లాయర్ల సంఘం లైబ్రరీలో ఇరవై ఆరేళ్లుగా ఒకే మనిషి పనిచేస్తున్నాడు. హాజరు పట్టీలో ఆయనకు ఏదో పేరుంది కానీ, అందరికీ జిగురు బాబాయే. ఆయన చేసే పని చెబితే చాలామంది నమ్మరు. పాత తీర్పుల సంపుటాల్లో చీటీలు అతికిస్తాడు.

ఒక కోర్టు ఓ తీర్పు ఇస్తుంది. అది పుస్తకంలో అచ్చవుతుంది. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో పై కోర్టువాళ్లు, రాజ్యాంగంలో ఆ మాటకు అర్థం అది కాదు, ఇది అంటారు. అంతటితో పాత తీర్పు చచ్చినట్టే. పుస్తకంలో మాత్రం అది బంగారు అక్షరాల అట్టల మధ్య దర్జాగా కూర్చునే ఉంటుంది. అందుకని ఆ పుస్తకాలు వేసే కంపెనీ నెలకోసారి కవరు నిండా పసుపు చీటీలు పంపుతుంది. 'ఇది ఇప్పుడు చెల్లదు, ఫలానా సంపుటం చూడండి' అని వాటిమీద ఉంటుంది. కవరు వచ్చిన పూటే బాబాయి అన్నీ అతికించేస్తాడు. ఒక్కో చీటీ మీద ఇనుప స్కేలు పెట్టి పది లెక్కపెడతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు.

మహా ముక్కుసూటి మనిషి. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడని సంఘం అధ్యక్షుణ్ణే బయటికి పంపాడు. సొంత అక్క ఓసారి కూతురి చదువు కోసం ఒక్క రోజు పుస్తకం ఇమ్మంటే, గోడమీద 'సభ్యులకు మాత్రమే' అన్న బోర్డు చూపించాడు. ఆ అక్క కోర్టు గోడ పక్కనే రేకుల గదిలో కుట్టుమిషను పెట్టుకుని, మా నల్లకోట్లకు ఊడిన గుండీలు కుడుతుంది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ గదే పెంచింది. తమ్ముణ్ణి మళ్లీ ఏమీ అడగలేదు.

మొన్న వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తామని నగరపాలక సంస్థ ఆ గది తీసేయమంది. కేసు నేను పట్టాను. నా చేతిలో ఓ బ్రహ్మాండమైన తీర్పు ఉంది, ముప్పై ఏడో సంపుటంలో. రాజ్యాంగం కాపాడతానన్న బతుకులో బతుకుదెరువు కూడా ఉందనీ, వేరే చోటు చూపించకుండా ఎవరినీ లేపకూడదనీ దాని సారాంశం.

"లాయరమ్మా, గదికి పదేళ్ల నాటి నుంచీ లైసెన్సు కాగితాలు ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. తెమ్మంటారా?" అని అడిగింది అక్క.

"అవన్నీ ఎందుకు మోయడం? ఈ తీర్పు ఒక్కటి చాలమ్మా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

విచారణకు మూడు రోజుల ముందు కవరు వచ్చింది. అందులో నా తీర్పుకు చీటీ ఉంది. బాబాయి దాన్ని రెండుసార్లు చదివాడు. ఎదుటి పక్షం లాయరు సొంతంగా ఒక్క పుస్తకం కొనడు, ప్రతి కేసుకూ మా లైబ్రరీకే వచ్చి కూర్చుంటాడు. ఆయన చీటీ చూశాడంటే అక్క గది పోయినట్టే. బాబాయి మిగతా పదిహేడు చీటీలూ అతికించి, పద్దెనిమిదోది చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు నేను వెళ్లి ఆ సంపుటం తెరిచాను. పేజీ శుభ్రంగా ఉంది. బాబాయి చీటీ అతికించలేదంటే ఆ తీర్పుకు ఇక తిరుగు లేదని నా ధీమా. ఇంకోచోట కూడా చూసుకోవాల్సింది, చూసుకోలేదు. నేను ఆ తీర్పు రాసుకుంటూ ఉంటే బాబాయి ఫ్యాను నావైపు తిప్పాడు. ఎదుటి లాయరు కళ్లు కప్పడం మీదే ఆయన ధ్యాసంతా. అదే పేజీని నేనూ నమ్ముకున్నానన్న సంగతి ఆయన బుర్రకెక్కలేదు.

కోర్టులో లేచి, గొంతు సవరించుకుని చదివాను. ఎదుటి లాయరు బిక్కమొహం వేశాడు. జడ్జిగారు మాత్రం కళ్లజోడు తీశారు.

"అది పోయిన నెలే కొట్టేశారు కదమ్మా. ఇప్పుడు పదేళ్ల లైసెన్సు చూపించినవాళ్లకే వేరే చోటు. మీ పార్టీకి ఉందా?"

జడ్జిగారి గదిలోనూ అవే సంపుటాలు ఉంటాయి. అక్కడ చీటీలు అతికించే మనిషికి అక్కలు లేరు.

"ఉంది సార్, ఇంట్లో ఉంది" అన్నాను.

"ఇంట్లో ఉన్నది నేనెలా చదవను?" అన్నారు. గడువు అడిగితే, ఇప్పటికే రెండు వాయిదాలు ఇచ్చామన్నారు. వారంలో ఖాళీ చేయాలని ఆర్డరు. అప్పీలు వేశాను కానీ, అది విచారణకు వచ్చేలోపే మనుషులొచ్చి రేకులు విప్పేశారు.

ఆ రోజు అక్క రోడ్డు పక్కన స్టూలు మీద కూర్చుని, దారపు ఉండలు సంచిలో సర్దుకుంటోంది. బాబాయి వచ్చి జేబులోంచి చీటీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నీళ్లు నమలకుండా జరిగిందంతా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్క చీటీ, బాబాయ్! అది అక్కడుంటే ఆ కాగితాలు పెట్టెతో సహా కోర్టుకు తెచ్చేదాన్ని!"

బాబాయి తల వంచుకున్నాడు. అక్క చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకోసమే చేశావా?"

"నీకోసమే అక్కా."

ఆవిడ నావైపు తిరిగింది. "వాణ్ణేమీ అనకండి లాయరమ్మా. పుట్టి బుద్ధెరిగాక వాడు నాకోసం చేసిన పని ఇదొక్కటే."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది, బాబాయి అంత ఏడ్చేవాడు కాదు.