మాస్టారు కత్తిరించిన వార్తలు

"మీ సార్ ప్రభువు సన్నిధికి వెళ్ళారు. రేపు క్లాసు లేదు."

మాస్టారి భార్య మా జర్మన్ క్లాసు గ్రూపులో ఈ రెండు వాక్యాలు పెట్టేసరికి నేను టాటీబంధ్ చౌక్‌లో, లారీల మధ్య ఇరుక్కున్న ఆటోలో ఉన్నాను. ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికి పోతున్నాను. ముందుగా నా బుర్రకెక్కింది రెండో వాక్యమే. క్లాసు లేకపోవడమేమిటి? కూతురి పెళ్ళినాడు కూడా పొద్దున్నే ఒక గంట పాఠం చెప్పి వెళ్ళిన మనిషని పాత బ్యాచ్‌ల వాళ్ళు చెప్పుకుంటారు. మొదటి వాక్యం అర్థమయ్యాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. టిఫిన్ తింటూ తింటూ ఒరిగిపోయారట. అంతమంది నర్సులను తయారుచేసిన మనిషి చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి ఆ సమయానికి ఒక్కరమూ లేకపోయాం.

రాయ్‌పూర్‌లో జర్మన్ నేర్పే తెలుగు మాస్టారంటే మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. దేవేంద్ర నగర్‌లో ఒక మందుల షాపు మీద గది, పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం పక్కన చేతులు కడుక్కోవడానికి సబ్బు. కడుక్కోకుండా పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు. గోదావరి జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. నర్సింగ్ చదివి, చర్చి వాళ్ళ సాయంతో జర్మనీ వెళ్ళి, అక్కడ ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సుగా చేశారు. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన ఏడాది తిరిగొచ్చి, అక్కడికి వెళ్ళాలనుకునే నర్సులకు భాష నేర్పడం మొదలుపెట్టారు. పాఠమంతా హిందీలో నడిచేది. నన్ను తిట్టాల్సి వస్తే మాత్రం తెలుగులోకి దిగేవారు. తప్పులు దిద్దడానికి పెన్సిలే వాడేవారు. "ఎర్ర రంగు డ్యూటీలో చూస్తూనే ఉంటారు కదమ్మా, ఇక్కడ కూడా ఎందుకు?" అనేవారు.

ఆయన పాఠ్యపుస్తకం తెరవగా నేను చూడలేదు. ఆయన పాఠమంతా ఒకే ఒక మనిషి. తాను పనిచేసిన ఊరికి ఒకప్పుడు మేయర్‌గా ఉండి, మెల్లగా పైకి వెళ్ళి, చివరికి ఆ రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయిన నాయకుడు. అతని గురించి పేపర్లలో వచ్చిన ప్రతి వార్తా మాస్టారి ఫైల్లో ఉండేది. పాత సహోద్యోగి ఒకావిడ నెలనెలా కత్తిరించి పోస్టులో పంపేదట. ఆవిడ పోయాక మాస్టారే ఇంటర్నెట్‌లో వెతికి ప్రింటు తీసేవారు. ప్రతి బ్యాచ్ అతని చిన్నతనం దగ్గర మొదలుపెట్టాల్సిందే. వడ్రంగి కొడుకు, ఊరి కౌన్సిల్లో మెంబరు, మేయరు, ఒకసారి ఓటమి, తర్వాత మంత్రి. జ్వరం గురించి చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో నాకు అతనికి న్యుమోనియా వచ్చిన వార్తలో తెలిసింది.

"పుస్తకాల్లో వాళ్ళు ఎప్పుడు చూసినా హోటల్లో కూర్చుని కాఫీ అడుగుతుంటారు," అనేవారు మాస్టారు. "వాళ్ళకి ముసలితనం రాదు, ఓటమి రాదు. వాళ్ళ దగ్గర ఏం నేర్చుకుంటావు? ఒక్క మనిషి వెంట ముప్పై ఏళ్ళు నడువు. భాష అదే వస్తుంది."

ఈ అభిమానానికి కారణం ఒక పులిహోర. మేయర్‌గా ఉన్న రోజుల్లో ఆ నాయకుడు క్రిస్మస్‌కి ఆసుపత్రికి వచ్చాడట. బయటి దేశాల సిబ్బంది తలా ఒక వంట చేశారు. మాస్టారు పులిహోర కలిపారు. మేయరు రెండోసారి అడిగి వేయించుకుని, అందరి ముందూ మాస్టారి చెయ్యి పట్టుకుని, "మా అమ్మానాన్నలను పక్క మీద ఒత్తిగిలించి పడుకోబెట్టే ఈ చేతులు ఈ ఊరి చేతులే" అన్నాడట. మాకు నేర్పిన మొదటి పెద్ద వాక్యం అదే. పలకడం వచ్చేదాకా వదిలేవారు కాదు. ఆ మనిషి ముఖ్యమంత్రి అయిన రోజున ఇక్కడ దేవేంద్ర నగర్‌లో లడ్డూలు పంచారట. కింద మందుల షాపాయన మాస్టారికి మనవడు పుట్టాడనుకుని శుభాకాంక్షలు చెప్పాడని పాత బ్యాచ్ వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

నేను చేరేనాటికి నవ్వుల కాలం దాటిపోయింది. అక్కడ జర్మనీలో బయటివాళ్ళు వద్దనే కొత్త పార్టీ ఒకటి చాప కింద నీరులా పాకుతోంది. వాళ్ళతో ఒక బల్ల దగ్గర కూర్చునే ప్రశ్నే లేదని మా ముఖ్యమంత్రి అన్నాడు. మేము ఆయన్ని "మా ముఖ్యమంత్రి" అనే అనుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి జనం భయాలను కూడా వినాలి కదా అన్నాడు. మరికొన్నాళ్ళకి, అతిథులు తాము అతిథులమని మరిచిపోకూడదన్నాడు. ఆ రోజు మాస్టారు ఆ వాక్యాన్ని నాతో చదివించి, అర్థం అడగకుండానే తర్వాతి దానికి వెళ్ళిపోయారు. అర్థం అడగకుండా ఆయన ఒక్క వాక్యం వదలడం అంతకుముందు నేను చూడలేదు.

ఆ తర్వాతి నెల నుంచి మాకిచ్చే జెరాక్సుల్లో తెల్లటి ఖాళీలు కనిపించాయి. వార్త మధ్యలో ఒక పేరా ఉండాల్సిన చోట తెల్ల కాగితం. మిషన్ పాడైందని మొదట అనుకున్నాం. ఖాళీలు వారం వారం పెద్దవయ్యాయి. కత్తెరతో నీటుగా కోసిన అంచులు జెరాక్సులో సన్నటి నల్ల గీతల్లా పడేవి.

అప్పటికే ఆ రాష్ట్రంలోనే ఒక వృద్ధుల ఆసుపత్రి నన్ను తీసుకుంటామని కాగితం పంపింది. అందుకని ఊరుకోలేకపోయాను. ఒకరోజు ఫోన్‌లో ఆ పేపరు వెతికి, కోసేసిన పేరా పట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మన ముసలివాళ్ళను చూసుకోవడానికి వచ్చినవాళ్ళకు తిరిగి వెళ్ళే దారి కూడా మనమే చూపించాలి, అని సభలో అన్నాడు మా ముఖ్యమంత్రి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని కూడా రాశారు.

మర్నాడు క్లాసయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగాను.

"మాస్టారూ, ఈ ముక్క మీరే కోశారు కదా?"

బోర్డు తుడుస్తున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, "కోశాను" అన్నారు.

"ఎందుకండీ?"

"భయపెడుతూ భాష నేర్పలేనమ్మా. డరిపోయిన పిల్ల నోరు విప్పదు. నోరు విప్పకపోతే ఓరల్‌లో ఫెయిల్."

"అక్కడికి వెళ్ళాక తెలిస్తే?"

"ఆ మనిషి అలాంటివాడు కాదు తల్లీ. ఎలక్షన్ల టైమ్‌లో అందరూ కుఛ్ న కుఛ్ అంటారు. ఆయన నాకు తెలుసు."

"మీకు తెలిసింది మేయరు కదా మాస్టారూ. ఈయన ముఖ్యమంత్రి."

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆయన డస్టర్ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చుని ఉండగా ఆ గదిలో నేను చూడటం అదే మొదటిసారి. అప్పటిదాకా ఆయన వయసు నాకు తట్టనే లేదు.

ఆ వారమే ఆయన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. చేత్తో నాలుగు పేజీలు. పోస్టు చేసే ముందు నాకు చదివి వినిపించారు. క్రిస్మస్, పులిహోర, చేతుల గురించి ఆ మాట, అన్నీ ఉన్నాయి. తన దగ్గర చదువుకుని ఆ రాష్ట్రానికి వచ్చిన పిల్లల సంగతి ఉంది. చివర ఒకే ఒక్క ప్రశ్న: ఆ రోజు మీరన్న మాట ఇప్పటికీ నిజమేనా? ఇంత పెద్ద మనిషి ఇలా పసివాడిలా అడగడం నాకు నచ్చలేదు. జవాబు రాదని తెలుసు. వస్తే బాగుండునని ఆయనకంటే ఎక్కువగా నేనే ఎదురు చూశాను.

మూడు నెలలకు జవాబు వచ్చింది. నిగనిగలాడే కార్డు, దాని మీద ముఖ్యమంత్రి నవ్వుతున్న ఫోటో, కింద అచ్చు వేసిన సంతకం. సంతకం కింద ఆ ఎన్నికల నినాదం: మన ఊళ్ళు మనవాళ్ళకే. మాస్టారు కార్డు తిప్పి వెనక చూశారు. వెనక ఏమీ లేదు.

మర్నాడు అందరికీ కొత్త జెరాక్సులు పంచారు. ఏడాది పాటు కోసిన పేరాలన్నీ వాటిలో ఉన్నాయి. "ఇన్నాళ్ళూ మీకు సగం మనిషినే చూపించాను. తప్పు నాదే. ఇక కోయను," అన్నారు హిందీలో. ఆ నెలలో ముగ్గురు అమ్మాయిలు మానేశారు. ఆయన వాళ్ళను ఆపలేదు, ఫోన్ కూడా చేయలేదు. మిగిలిన మాకు ప్రతి వాక్యానికీ అర్థం చెప్పించారు. రోజూ ఆ ఫైలు తెరిచేటప్పుడు ఆయన మొహం, ల్యాబ్ రిపోర్టు కవరు చింపుతున్న రోగి మొహంలా ఉండేది. వారం వారం మాటలు ముదిరేవి. చదవడం ఆపేద్దాం సర్ అని ఎవరో అంటే, "చదవకపోతే ఆయన అనడం మానేస్తాడా?" అన్నారు.

మా ఇంట్లో అమ్మ పట్టు పట్టింది. "ఆళ్ళు రావొద్దంతన్నారు. నువ్వెందుకే ఎల్తానంతావు? ఇక్కడ నౌకరీ నేదా నీకు?" అంది. మాస్టారినే అడిగాను, వెళ్ళమంటారా, మానమంటారా అని.

"నేను చెప్తే వింటావు. తర్వాత నన్ను తిట్టుకుంటావు. నువ్వే చదువుకో, నువ్వే సోచించుకో."

"మీరైతే వెళ్తారా?"

అంతకుముందు వారమే మా తమ్ముడి కుల సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు వెళ్తే, మీ ముత్తాత ఆంధ్ర నుంచి ఇక్కడికి ఎప్పుడొచ్చాడో కాగితం తెమ్మన్నారని ఆయనకు చెప్పాను. అది గుర్తొచ్చిందేమో, "ఎక్కడి నుంచి వచ్చావని ఎవరూ అడగని ఊరు ఉంటే చెప్పమ్మా, సామాను సర్దుకుని నేనూ నీతో వస్తాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, నవ్వు కళ్ళదాకా రాలేదు. టికెట్ ఆ సాయంత్రమే తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ధైర్యంతో కాదు. ఎక్కడున్నా తప్పని ప్రశ్నే అయితే, నాకు వచ్చిన పని చేసుకుంటూ అక్కడే దానికి జవాబు చెప్పుకోవచ్చు కదా అనుకున్నాను. మాస్టారు పోయింది ఆ తర్వాత పది రోజులకి. అక్కడ ఓట్ల లెక్కింపు ఇంకా రెండు రోజులుంది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. ఆయన గురించి చెప్పుకుని ఏడుస్తారనుకున్నాను. "పిల్లలకి పరీక్ష ఇరవై రోజుల్లో ఉందమ్మా. నువ్వు వెళ్ళేదాకా ఆ క్లాసు నువ్వు చూడు" అని గది తాళం నా చేతిలో పెట్టారు. ఆ మాటకి నేనే ఏడ్చాను.

ఫలితాలు వచ్చాయి. మా ముఖ్యమంత్రికి మెజారిటీ రాలేదు. కుర్చీ నిలబెట్టుకోవడానికి, ఒక బల్ల దగ్గర కూర్చోనన్న ఆ పార్టీతోనే చేతులు కలిపాడు. ఒప్పందంలో వాళ్ళ మొదటి షరతు బయటి నుంచి వచ్చినవాళ్ళను దశలవారీగా వెనక్కి పంపించడం. ఆయన సంతకం పెట్టాడు. ఈసారిది అచ్చు వేసిన సంతకం కాదు.

ఆ వార్త ప్రింటు తీసుకుని క్లాసుకు వెళ్ళాను. పన్నెండు మంది వచ్చారు. ఆ షరతు ఉన్న పేరా దగ్గరికి వచ్చేసరికి దాన్ని దాటి కిందికి వెళ్ళిపోవాలనిపించింది. ఎదురుగా ఆ మొహాలు చూశాక, మాస్టారు ఎందుకు కోశారో నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన్ని లోలోపల తప్పుపట్టినందుకు సిగ్గేసింది. అయినా ఆగకుండా మొత్తం చదివాను. హిందీలో అర్థం చెప్పాను.

బీర్‌గావ్ నుంచి వచ్చే తెలుగమ్మాయి, కిందటి నెలే చేరింది, చెయ్యెత్తింది.

"దీదీ, మీరు ఎల్తన్నారు కదా?"

"వెళ్తున్నాను. వచ్చే నెల."

ఆ పిల్ల ఆ జవాబుతో తృప్తిపడినట్టు తలూపి, ఆ షరతులోని జర్మన్ మాట కింద వేలు పెట్టి చూపించింది. వెనక్కి పంపివేయడం అనే మాట.

"ఇది ఎగ్జామ్‌లో వస్తాదా దీదీ?"

"రాదు. అయినా రాసుకో."

కొత్త మాటను మూడుసార్లు రాయడం ఆ క్లాసులో అలవాటు. పన్నెండు తలలు వంగాయి. ఆ అమ్మాయి పెదవులు కదుపుతూ, ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఆ మాటను ముత్యాల్లాంటి అక్షరాలతో మూడుసార్లు రాసింది. అందం కోసం దాని కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టింది.