ట్యాంకులో తాయెత్తు

ముందే చెప్పేస్తున్నాను, ఇది విమానం కూలిన కథ కాదు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కూలింది ఒక్క నా పరువే. అదీ విమానం రెక్క లోపల, ఇంధనం ట్యాంకులో. మనిషి ఒళ్ళు పట్టడమే కష్టమైన ఆ చోట పరువు కూడా పోగొట్టుకున్నవాడు కోనసీమ మొత్తానికి నేనొక్కడినే అయ్యుంటాను.

మాది కొత్తపేట. నేను హైదరాబాదులో విమానాలు బాగుచేసే షెడ్డులో ఇంజినీరుని. విమానానికి ఇంధనం ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి. ఆ ట్యాంకుల్లోంచి వైర్లు పోతాయి. ఎక్కడైనా వైరు ఒరుసుకుని పైతొడుగు చిట్లితే ఒక్క నిప్పురవ్వ చాలు. మిగతాది మీరే ఊహించుకోండి, విమానం ఎక్కబోయేవాళ్ళు ఊహించుకోకండి. అందుకే ఫలానా తేదీలోగా ట్యాంకు తెరిచి వైర్లన్నీ చూసి తీరాలని ప్రభుత్వం ఆదేశమిస్తుంది. గడువు దాటితే ఆ విమానం ఎగరదు. లోపల పెళ్ళికొడుకు ఎక్కి కూర్చుని ముహూర్తం దాటిపోతోందని ఏడ్చినా ఎగరదు.

ఆ గడువులన్నీ కాపలా కాసేది నేను. దూరంగా ఉన్న గడువు ఆకుపచ్చ, దగ్గరపడింది పసుపు, మీదికొచ్చింది ఎరుపు. గోడ మీద నా పట్టిక చూస్తే ముగ్గుల పోటీ జరుగుతోందనుకుంటారు. 'పొడిగింపు' అనే మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. "గడువంటే గడువేనండి. అడిగి పెంచుకోడానికి అదేమన్నా సాంబారా?" అనేవాణ్ణి.

ఇక ఫణి. రాజోలు వాడు, నా ఈడువాడు, అదే షెడ్డులో ఇంజినీరే. నాది కుర్చీ పని, అతనిది ట్యాంకు పని. కానీ అందరికీ ఫణే కావాలి. ట్యాంకు అడుగున మనిషి దూరే రంధ్రం ఒకటుంటుంది. దాంట్లోకి అతను మట్టగిడస చేప బురదలోకి జారినట్టు జారిపోతాడు. నేను గీసిన గడువులు గోడ మీద ఉంటే ఎవరూ చూడరు, అతను ట్యాంకులోంచి తల బయటపెడితే షెడ్డంతా నవ్వుతూ టీ అందిస్తుంది. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది మా అమ్మ విషయంలో.

ఆ మధ్య ఇద్దరం సెలవు మీద ఊరొచ్చాం. తిరుగు ప్రయాణం రోజు ఫణి రాజోలు నుంచి మా ఇంటికొచ్చాడు, కలిసి బస్సెక్కుదామని. అమ్మ పనసపొట్టు కూర వడ్డించింది.

"అత్తయ్యగారూ, ఈ కూర తిన్నాక ఇంటికెళ్ళి మా అమ్మ వంటని ఏ మొహం పెట్టుకుని మెచ్చుకోవాలండీ?"

"చాల్లే నాన్నా. ఇంకాస్త వేసుకో."

"ఆయ్, వేసెయ్యండి."

నాకెవరూ 'వేసుకో' అనలేదు. అందుకని నేనే వేసుకున్నాను. అతను రెండోసారి వేసుకుంటే నేను మూడోసారి. అతను చెయ్యి కడుక్కున్నాక కూడా పోటీ కొనసాగించి ఒంటరిగా గెలిచాను. ఈ గెలుపు గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పనుంది.

అప్పుడు అమ్మ రెండు రాగి తాయెత్తులు తెచ్చింది. "ద్రాక్షారామం వెళ్ళినప్పుడు గుడి దగ్గర కొట్లో కొన్నాన్రా. మొలతాడుకి కట్టుకోండి ఇద్దరూ."

"ఇద్దరూనా?"

"మరి? ట్యాంకుల్లో దూరేది వాడు. నువ్వు కుర్చీలో కూచుని రంగులేసుకుంటావంట కదా. అసలు ఇది వాడికే కావాలి. నీకు ఊరికే ఉంటుందని తెచ్చేను."

చూశారా? కన్న కొడుకుకి కొసరు తాయెత్తు. ఆ రాత్రి బస్సులో ఫణి హాయిగా నిద్రపోతుంటే నేను పళ్ళు నూరుకుంటూ తీర్మానించుకున్నాను. ఈసారి ట్యాంకులోకి నేనూ దూరతాను.

అవకాశం వెంటనే వచ్చింది. ఒక విమానం గడువు ఎర్రబడి, ఆ సాయంత్రానికే తీరిపోతోంది. మా మేనేజరు వర్మగారు ఇద్దర్నీ పిలిచి, "ఈ పని ఎవరు శుభ్రంగా చేస్తే వాళ్ళకే ఇకనుంచి ట్యాంకు పనుల పెత్తనం" అన్నారు. నా గుండె గంతేసింది.

ట్యాంకులోకి వెళ్ళేముందు ఒంటిమీద లోహమేదీ ఉండకూడదు. తీసేయాల్సిన వస్తువుల జాబితా తయారుచేసింది నేనే. వాచీ, ఉంగరం, గొలుసు, బెల్టు, పెన్ను, ఫోను, తాళాలు, చిల్లర, ఆఖరికి కట్టుడు పన్ను కూడా రాశాను. ఫణి నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"శ్రీనుగారండీ, మొలతాడు, తాయెత్తు కూడా రాసెయ్యండి."

"ఇది విమానాల కాగితమండీ ఫణిగారూ, పంచాంగం కాదు."

"అది కాదండీ. మనోళ్ళకి మొలతాడంటే ఒంట్లో భాగమే కదండీ. తీయాలని తోచదు."

"అంత మాత్రం తోచనివాళ్ళు ఇంజినీర్లు అవ్వరండీ."

"ఆయ్" అని నవ్వి ఊరుకున్నాడు. మా వైపు ఒకరి కాలు ఒకరు తొక్కుతున్నా అండీ అంటూనే తొక్కుతాం.

ట్యాంకు ఖాళీ చేసి, గాలి పట్టించి, ఆవిర్లు లేవని కొలిచి చూశాక ఫణి దూరి తన భాగం చూసి వచ్చాడు. తర్వాత నా వంతు. జేబుల్లేని నూలు బట్టలు వేసుకుని తల పెట్టాను. తల పట్టింది. భుజాలు పట్టాయి. అక్కడితో ఆగిపోయాను. కొత్తపేటలో గెలిచిన పనసపొట్టు ఇక్కడ అడ్డం నిలబడింది.

"ఊపిరి వదిలెయ్యండి శ్రీనుగారూ!" కిందనుంచి ఫణి.

"నాకు తెలుసండీ!" అని ఉన్న ఊపిరంతా ఆ మాటకే ఖర్చుపెట్టాను. బిందెలోకి గుమ్మడికాయ తోస్తున్నట్టు ఇద్దరు కింద నుంచి తోశారు. నడుం దగ్గర ఏదో పటుక్కుమంది. కుట్టు ఊడిందనుకున్నాను. లోపల వైర్లన్నీ ఒక్కొక్కటే చూసి, అన్నీ బాగున్నాయని తేల్చుకుని, విజయగర్వంతో బయటపడ్డాను.

ట్యాంకు మూసేముందు క్వాలిటీ ఇన్‌స్పెక్టరు మేరీగారు చివరిసారి లోపలికెళ్ళి చూడాలి. వెళ్ళారు. వెంటనే వచ్చేశారు. అరచేతిలో రాగి తాయెత్తు!

"ఎవరిదిది?"

నా ఆనందం ఎలా చెప్పను? లాటరీ తగిలినవాడు కూడా కాస్త తమాయించుకుంటాడు. నేను తమాయించుకోలేదు.

"మేడమ్, ఇలాంటివి ఈ షెడ్డులో రెండే రెండున్నాయి. మా అమ్మగారు స్వయంగా కొన్నారు. ఒకటి నాది, ఒకటి ఫణిగారిది. రాగి ముక్క! వైర్ల పక్కన! ట్యాంకులో! ఇది చిన్న పొరపాటు కాదు మేడమ్. రేపు ఎవరికైనా ఏమైనా అయితే? అందరి ముందూ తేలాలి. పిలవండి అందర్నీ!"

అందరూ వచ్చారు. నా గొంతుకి రానివాళ్ళుంటారా?

ఫణి తల గోక్కున్నాడు. "రెండేనండి, నిజమే. నాది వాచీతోపాటు లాకర్లో పెట్టేనండి. తెమ్మంటారా?"

తెచ్చాడు. మొలతాడుతో సహా, చక్కగా చుట్టచుట్టి.

షెడ్డులో అందరి తలలూ ఒకేసారి నావైపు తిరిగాయి. నా చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్ళింది. బనీను ఉంది. పనసపొట్టు ఉంది. మొలతాడు లేదు.

"శ్రీనివాస్‌గారూ, దీన్ని కట్టిన తాడేది?" అన్నారు మేరీగారు.

తెరచాటుకెళ్ళి బట్టలన్నీ దులిపాను. లేదు. అంటే తాడు ఇంకా ట్యాంకులోనే ఉంది. అది దొరికేదాకా మూత వెయ్యకూడదు. మూత పడకపోతే గడువులోగా పని అయినట్టు కాదు. బయట ఎండ వాలిపోతోంది. ఫణి మళ్ళీ లోపలికి జారిపోయాడు.

వర్మగారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగారు. "ఏవయ్యా, పొడిగింపు అడగమంటావా?"

దద్దుర్లు లేవలేదు. చివరికి దోమకి కూడా వినబడని గొంతుతో అన్నాను. "అడగండి సార్."

అంతలో రంధ్రంలోంచి కేక. "దొరికిందండోయ్! వైరు క్లిప్పుకి చుట్టుకుపోయింది!"

నల్లతాడుని నీళ్ళపాముని పట్టినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని దిగాడు. మేరీగారు వెళ్ళి వైరుకి ఏమీ కాలేదని చూసుకుని, ట్యాంకు మూయించి సంతకం పెట్టారు. గడువు గట్టెక్కింది. ట్యాంకు పనుల పెత్తనం ఫణికి దక్కిందని వేరే చెప్పాలా? పెద్దరికం అందగానే అతను చేసిన మొదటి పని, నా జాబితాలో 'మొలతాడు, తాయెత్తు' అని చేర్చడం. కాగితం మీద అలా ఉంది గానీ షెడ్డులో ఎవరూ ఆ మాట వాడరు. ట్యాంకులోకి వెళ్ళేవాణ్ణి ఆపి, "శ్రీనుని తీసేశావా?" అని అడుగుతారు.

తర్వాత సెలవుకి కొత్తపేట వెళ్ళేసరికి మా అరుగు ముందు బైకు కనబడింది. లోపల ఫణి. ముందు విస్తరి. నేను చెప్పుకోవాల్సిన కథ అప్పటికే అయిపోయింది.

"చూసేవా తాయెత్తు మహిమ!" అంది అమ్మ నన్ను చూడగానే.

"ఏం మహిమే? నా పరువు తీసింది."

"విమానానికేం కాలేదు కదరా! రా, ఇంకోటి కడతాను. ఈసారి తెగదు, గట్టి దారం పేనించేను."

"భయం లేదండీ అత్తయ్యగారూ, ట్యాంకు దగ్గర నేనే గుర్తుచేసి విప్పిస్తానండి" అన్నాడు ఫణి, కూర కలుపుకుంటూ.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై తోటివాడి మీద ఈర్ష్యతో ఏ ట్యాంకులోనూ దూరను. అసలు ఫణి మీద ఈర్ష్యే పడను. ఇది తక్షణం అమల్లోకి రావాల్సిన ప్రతిజ్ఞే. రాసేశాను, సంతకం కూడా పెట్టేవాణ్ణి. ఇంతలో అమ్మ పనసపొట్టు గిన్నె తెచ్చి, అడుగున మాడి కరకరలాడే ముక్కలన్నీ గీకి, ఫణి విస్తట్లో వేసింది.

అయ్యా, చిన్న పొడిగింపు కావాలి.